మా చెరువు లెక్కల పుస్తకంలో భాస్వరం

మేము బడిలో చదువుకున్నది "రంజక". కన్నడ మీడియం సైన్సు పుస్తకంలో ఆ మూలకానికి పేరు అదే. తెలుగులో దాన్ని భాస్వరం అంటారని ఉద్యోగాల్లోకి వచ్చాక గానీ మాకు తెలియలేదు. ఇంట్లో అయితే రంజకా లేదు, భాస్వరమూ లేదు. ఇంట్లో దాని పేరు "సూపర్". "చెరువుకి సూపర్ వేశారా?", "ఈ నెల సూపర్ వద్దు, నీళ్ళు బాగా పచ్చబడ్డాయి." మా క్యాంపులో పొద్దున్నే వినపడే మాటలు ఇవి. ఆ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో ఉన్నదీ, మాస్టారు నల్లబల్ల మీద రాసిన రంజకా ఒకటేనని కలుపుకోవడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇంతవరకు ఇక్కడ తాతయ్య వాళ్ళ వలస గురించి, పొలాల గురించి, పెళ్ళిళ్ళ గురించి రాశాం. ఈసారి చెరువు గురించి. కారణం ఒక ఎర్ర అట్ట జమాఖర్చుల పుస్తకం. మొదటి సగం తాతయ్య రాత, రెండో సగం నాన్న రాత. మాకు తెలుగు చదవడం నిదానం. కన్నడ అక్షరాలకు తలకట్టు మార్చుకుంటూ కూడబలుక్కుని చదువుతాం. అలా చదువుతుంటే ఒక పేజీలో రెండు మాటలు కనపడ్డాయి: "పిల్ల నాసి". ఆ రెండు మాటల వల్ల మా ఇల్లు రెండిళ్ళయింది. ఆ మాట నిజమా కాదా అని వెతుక్కుంటూ పోతే భాస్వరం దగ్గర తేలాం.

చెరువు ఎలా వచ్చింది

తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో నీళ్ళు వదిలారు. అప్పటికి రాయచూరు జిల్లా ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోదే. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి వైపు నల్లరేగడి భూములు చవగ్గా దొరుకుతున్నాయని గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి చాలా కుటుంబాలు కదిలాయి. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ ఐదారెకరాలు వచ్చేవని తాతయ్య చెప్పేవారు. అలా వెలసిన ఊళ్ళకు క్యాంపులన్న పేరే నిలిచిపోయింది.

వచ్చినవాళ్ళు వరి వేశారు. నల్లరేగడిలో ఏళ్ళ తరబడి నీళ్ళు నిలబెడితే పల్లంలో ఊట పెరుగుతుంది, ఉప్పు పైకొస్తుంది. మా పొలంలో పల్లపు నాలుగెకరాలు అలాగే చవుడు బారాయి. వరి గిడసబారిపోయేది. "వరి రాకపోతే చేపన్నా వస్తుంది" అని తాతయ్య ఆ నాలుగెకరాల చుట్టూ గట్టు పోయించి చెరువు చేశారు. కాలువ వచ్చినప్పుడు నింపుకోవాలి, వేసవిలో కాలువ కట్టేస్తే ఉన్న నీళ్ళతో నెట్టుకురావాలి.

చెరువు తవ్వగానే సరిపోదు, పిల్ల కావాలి. పాతకాలంలో చేపపిల్ల అంటే నదిలో వరద నీటిలో పట్టుకొచ్చేదే. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు నిలవ నీటిలో పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం సూదిమందుగా ఇచ్చి మనదేశపు గండుచేపలతో గుడ్లు పెట్టించారు. ఇప్పటికీ జూలై 10ని దేశంలో చేప రైతుల దినంగా జరుపుతారు. ఆ పద్ధతి ఊళ్ళకు చేరాక పిల్లకు నది మీద ఆధారపడే పని తప్పింది. మా పిల్ల కోస్తా నుంచి, ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ పట్టించుకుని, రాత్రి లారీలో వచ్చేది.

పేడ రోజులు, సూపర్ రోజులు

పుస్తకంలో మొదటి పేజీల్లో మేత అన్న పద్దే లేదు. "పేడ 4 బండ్లు", "పేడ 6 బండ్లు", అంతే. ఎకరానికి వేసిన పిల్ల తక్కువ. పేడ కుళ్ళితే నీళ్ళలో సన్నటి పచ్చనాచు పుడుతుంది, దాన్ని కంటికి ఆననంత చిన్న పురుగులు తింటాయి, వీటిని బొచ్చె, శీలావతి తింటాయి. నీటి రంగు చూసి తాతయ్య చెరువు ఆకలి చెప్పేవారు. లేత ఆకుపచ్చ ఉంటే మంచిది. తేటగా ఉంటే చెరువు ఆకలితో ఉంది.

తర్వాత పేజీల్లో "సూపర్ 2 బస్తాలు" మొదలవుతుంది.

ఈ సూపర్ కథ చాలా దూరం నుంచి వచ్చింది. 1669లో జర్మనీలోని హాంబుర్గ్‌లో హెన్నింగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం చేద్దామని పీపాల కొద్దీ మూత్రాన్ని మరిగించి, చివరికి చీకట్లో వెలిగే తెల్లటి పదార్థం తీశాడు. గ్రీకులో ఫాస్ఫరస్ అంటే వెలుగును మోసేది. భాస్వరం అన్న మన మాటలోనూ వెలుగే ఉంది. 1770 ప్రాంతంలో స్వీడన్‌లో గాన్, షీలే అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఎముకల్లో ఉన్నది కాల్షియం ఫాస్ఫేట్ అని తేల్చారు. దాంతో యూరప్‌లో ఎముకలు పొడిచేసి పొలాలకు చల్లడానికి ఒక కారణం దొరికింది. కానీ ఎముకల పొడి నేలలో తొందరగా కరగదు. 1842లో ఇంగ్లండ్‌లో జాన్ బెనెట్ లాస్ ఫాస్ఫేట్ మీద గంధకామ్లం పోసి కరిగే రూపానికి తెచ్చి పేటెంటు తీసుకున్నాడు. అదే సూపర్ ఫాస్ఫేట్. మనదేశంలో దాని తయారీ 1906లో మద్రాసు దగ్గర రాణిపేటలో మొదలైంది.

లాస్ చేసిన పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, ఉన్నదాన్ని అందేలా చేశాడు. ఎముకలో భాస్వరం ముందూ ఉంది. మొక్కకు అందలేదు, అంతే. ఉండడం వేరు, అందడం వేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా ఇంటి కథ అంతా దీని మీదే నడిచింది.

చెరువులో సూపర్ చేసే పని కూడా చేపకు నేరుగా అందేది కాదు. చేపకు కాల్షియం నీటిలోంచే మొప్పల ద్వారా వస్తుంది. కాలువ నీళ్ళలో అది లీటరుకు పదుల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. భాస్వరం అలా కాదు. మంచి చెరువు నీటిలో కూడా లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు అటూ ఇటూ. అందువల్ల చేప దాన్ని తిండిలోంచే తెచ్చుకోవాలి. సూపర్ వేస్తే నాచు పట్టుకుంటుంది, నాచును పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది. మూడు చేతులు మారి భాస్వరం చేప ముల్లులోకి, పొలుసులోకి వస్తుంది.

మా నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. సున్నం ఎక్కువున్న నేల. సూపర్ అడుగుకు దిగిందంటే సున్నంతో కలిసి మళ్ళీ గట్టిపడిపోతుంది, లాస్ చేసిన పని వెనక్కి తిరిగినట్టు. తాతయ్యకు ఈ రసాయనం తెలియదు. కానీ మూలన నాలుగు గుంజలు పాతి, నీళ్ళలో మునిగీ మునగనట్టు ఒక మంచె కట్టి, దాని మీద సూపర్ బస్తా కోసి పెట్టించేవారు. అలలకు అది కొంచెం కొంచెంగా కరిగేది, బురదను తాకేది కాదు. ఒకేసారి చల్లకుండా నెలకింత అని వేయించేవారు. ఎవరో చెబితే విన్నారో, చూసి నేర్చుకున్నారో పుస్తకంలో లేదు.

సంచుల కాలం

1976 నుంచి కొల్లేరులో సహకార సంఘాలకు ప్రభుత్వం చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఆ తర్వాత పదేళ్ళలో కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు వరిచేలు కూడా చెరువులయ్యాయి. అక్కడి రైతులు సొంతంగా కనిపెట్టిన పద్ధతి సంచి మేత. ఖాళీ ఎరువుల సంచికి అడుగున రెండు మూడు వరసల్లో చిన్న కంతలు చేస్తారు. పది కిలోల దాకా తవుడు నింపి, పాతిన కర్రలకో తాడుకో వరసగా కడతారు. శీలావతి వచ్చి కంతలకు మూతి పెట్టి పీల్చుకుంటుంది. గట్టు మీద నిలబడితే సంచులు వాటంతటవే ఊగుతూ కనపడతాయి. మేత నీళ్ళపాలవడం తగ్గింది. రెండు గంటల్లో సంచి ఖాళీ అయితే చేప ఆరోగ్యంగా ఉన్నట్టు.

కోస్తా బంధువుల ద్వారా ఈ పద్ధతి మా క్యాంపుకూ వచ్చింది. మాకు తవుడుకు కొదవేముంది? గంగావతి, సింధనూరు చుట్టూ మిల్లులే. మొదట పచ్చి తవుడు, తర్వాత నూనె తీసిన తవుడు, మావాళ్ళ భాషలో డీఓబీ. దానికి కాస్త వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపేవారు. పిల్లల సంఖ్య ఎకరానికి రెట్టింపైంది. పుస్తకంలో అంకెలు పెద్దవయ్యాయి.

ఆ పెద్ద అంకెల మధ్యే, 90ల మొదట్లో, ఆ చెడ్డ ఏడు వచ్చింది.

చెడ్డ ఏడు

పిల్ల తేవడం బాబాయి పని. కోస్తా వెళ్ళి, రెండు రోజులుండి, చూసి తెచ్చేవారు. ఆ ఏడు పిల్ల ఇంకా ఎక్కువ వేశారు. వేసవి మొదట్లో నీళ్ళు చిక్కటి పచ్చగా మారి పైన తెట్టు కట్టింది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇక సూపర్ ఆపేయమని తెలిసినవాళ్ళు చెప్పారు, ఆపేశారు. ఆ సలహా తప్పు కాదు. నీళ్ళలో భాస్వరం ఎక్కువైతే ఏమవుతుందో 1973లో కెనడాలో ఒక సరస్సును మధ్యలో తెర కట్టి రెండు చేసి చూపించారు. ఒకవైపు కార్బన్, నత్రజని మాత్రమే వేశారు. రెండోవైపు వాటితో పాటు భాస్వరం వేశారు. భాస్వరం వేసిన వైపే పచ్చగా తెట్టు కట్టింది. అలాంటి నాచు రాత్రిపూట ఆక్సిజన్ తాగేస్తుంది. పైగా తెట్టు కట్టే నీలి నాచు శీలావతికి మంచి తిండి కాదు.

అలా చెరువు సొంత తిండి తగ్గింది, చేపల సంఖ్య పెరిగింది, భారమంతా సంచుల మీద పడింది. సంచుల్లో ఉన్నది డీఓబీ.

పది నెలలకు వల లాగితే కిలో తూగాల్సిన చేప అరకిలో తూగింది. తలలు పెద్దవి, ఒళ్ళు చిన్నది. వందలో కొన్నిటికి వెన్ను వంకర. వ్యాపారి వంకర చేపలు పక్కన పెట్టి మిగతావాటికి ధర తగ్గించాడు. లారీ నిండలేదు. గట్టు మీదే, కూలీల ముందే, తాతయ్య బాబాయిని అన్నారు: "నాసి పిల్ల తెచ్చి ముంచావు కదరా!" బాబాయి ఏమీ అనలేదు. ఆ రాత్రి పుస్తకంలో పద్దు పక్కన "పిల్ల నాసి" అని పడింది. మర్నాటి నుంచి బాబాయి చెరువు వైపు రావడం మానేశారు. మరుసటి ఏడు పంపకాలయ్యాయి. చెరువు నాన్నకు, మెరక పొలం బాబాయికి.

తవుడులో ఉన్నదేమిటి

ఇప్పుడు లెక్క చూద్దాం. మేము చేసేది సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. ఇటువైపు పంపినట్టు రాసి ఉంటుంది, అటువైపు చేరి ఉండదు. రోజూ చూసే తప్పే ఇది. బహుశా అందుకే ఈ లెక్క మా కంట పడింది.

1976లో జపాన్‌లో ఓగినో, టకెడా అనే పరిశోధకులు బంగారు తీగ చేపకు తిండిలో ఎంత భాస్వరం కావాలో కొలిచారు. మేతలో 0.6 నుంచి 0.7 శాతం. అంటే కిలో మేతలో 6, 7 గ్రాములు. అది తక్కువైతే ఎదుగుదల ఆగడం, ఎముకల్లో ఖనిజం తగ్గడం, తల ఎముక వికారంగా పెరగడం వాళ్ళు చూశారు.

తవుడులో భాస్వరం ఎంత? కిలోకు 15 గ్రాముల చుట్టూ. నూనె తీస్తే బరువు తగ్గుతుంది కాబట్టి డీఓబీలో ఇంకొంచెం ఎక్కువే. కాగితం మీద చూస్తే అవసరానికి రెట్టింపు ఉంది. ఇక లోటెక్కడ?

వరిగింజ తన భాస్వరాన్ని మొలక కోసం దాచుకుంటుంది. ఆ దాచుకునే రూపం పేరు ఫైటిక్ ఆమ్లం. ఒక చక్కెరలాంటి వలయానికి ఆరు ఫాస్ఫేట్లు కట్టిన మూట. తవుడులోని భాస్వరంలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఈ మూటలోనే ఉంటుంది. మూట విప్పే తాళంచెవి ఫైటేజ్ అనే ఎంజైము. దాన్ని మొట్టమొదట 1907లో జపాన్‌లో ఉమెతారో సుజుకి, ఆయన తోటివాళ్ళు కనుగొన్నారు. ఎందులో కనుగొన్నారంటే, బియ్యపు తవుడులోనే. తాళమూ తాళంచెవీ ఒకే ఇంట్లో ఉన్నాయన్నమాట. కానీ నూనె తీసేటప్పుడు తవుడు వేడెక్కుతుంది, ఎంజైము చాలావరకు చెడిపోతుంది. తాళం మిగులుతుంది, చెవి పోతుంది.

మా కొట్టంలో గేదె కూడా ఇదే తవుడు తినేది. మామ్మ రాత్రే కుడితిలో నానబెట్టి పొద్దున్న పెట్టేది. గేదెకు ఏ లోటూ రాలేదు. నెమరు వేసే పశువు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులే ఆ మూట విప్పుతాయి. చేపకు ఆ వసతి లేదు. శీలావతి, బొచ్చె, బంగారు తీగ జాతి చేపలకు అసలు జీర్ణాశయమే లేదు. గొంతు దాటాక నేరుగా పేగే. ఆమ్లం ఊరే సంచి ఉంటే ఎముక పొడిలాంటి కరగని ఫాస్ఫేట్ కూడా కొంత కరుగుతుంది. ట్రౌట్ చేపకు జీర్ణాశయం ఉంది కాబట్టి ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లోని భాస్వరంలో 64 శాతం పట్టుకుంటుంది. అదే పెడితే బంగారు తీగ పట్టుకునేది 13 శాతం. చేపల పొడిలో భాస్వరం దండిగా ఉన్నా అది ఎముక రూపంలో ఉంటుంది కాబట్టి దీనికి అందేది సుమారు పావు వంతు. ఈ కొలతలూ జపాన్ వాళ్ళవే, 1970ల చివరినాటివి.

తవుడు నుంచి అందేదీ అలాగే, నాలుగో వంతు. 15 గ్రాములలో నాలుగో వంతు అంటే 4 గ్రాముల లోపు. కావలసింది 6, 7. కాగితం మీద రెట్టింపున్న మేత, చేప పేగులోకి వెళ్ళేసరికి సగం అయింది. పేడ రోజుల్లో, సూపర్ రోజుల్లో ఆ లోటును నాచు, పురుగు పూడ్చేవి. వాటిలోని భాస్వరం చేపకు సులువుగా అందుతుంది. ఆ ఏడు ఆ దారీ మూసుకుపోయింది.

మామ్మ అన్న మాట

వెన్ను వంగిన చేపను చూసి భాస్వరమే తక్కువైందని చెప్పేయలేం. సి విటమిన్ తక్కువైనా వెన్ను వంగుతుంది. పిల్లకు చిన్నప్పుడు దెబ్బ తగిలినా, దగ్గర రక్తసంబంధపు తల్లిచేపల పిల్ల అయినా వంగొచ్చు. తాతయ్య అనుమానం అర్థం లేనిదేమీ కాదు.

అయితే పుస్తకంలో లేని సాక్ష్యం ఒకటుంది. ఆ వంకర చేపలు అమ్ముడుపోక ఇంటికొచ్చాయి. మామ్మ, అమ్మ, పిన్ని కూర్చుని బాగుచేశారు. అమ్మకు ఇప్పటికీ గుర్తుంది. మామ్మ అందట: "ఇదేం చేపే, ముల్లు మెత్తగా వంగుతోంది, కడుపు నిండా కొవ్వే!" పులుసులో తలకాయ కొరికితే కరకరలాడలేదట. చేప సన్నగా లేదు, తిండి తక్కువైన చేపలా లేదు. తిన్నది కొవ్వయింది, ఎముక కాలేదు.

భాస్వరం లోటును కొలిచిన పరిశోధనల్లోనూ ఇవే రాశారు. ఎముక మెత్తబడుతుంది, ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. తిన్నదాన్ని శక్తిగా మార్చుకోవడానికి ప్రతి కణానికీ భాస్వరం కావాలి. అది చాలకపోతే పిండిపదార్థం, నూనె కొవ్వుగా మిగిలిపోతాయి. విటమిన్ లోటు, నాసి పిల్ల వెన్ను వంచగలవు గానీ, పెద్ద తల, మెత్తటి ముల్లు, కడుపునిండా కొవ్వు, ఎదగని ఒళ్ళు, ఈ నాలుగూ కలిసి వస్తే వేలు మేత వైపే చూపిస్తుంది. వంటింట్లో ఆ రోజే తెలిసిన సంగతి గట్టు మీదకు రాలేదు. వచ్చినా ఎవరన్నా వినేవారా అంటే, మాకు నమ్మకం లేదు.

డీసీపీ, ఆ తర్వాత

రెండేళ్ళ తర్వాత నాన్న రాతలో కొత్త పద్దు: "డీసీపీ 1 బస్తా". డైకాల్షియం ఫాస్ఫేట్. పక్క క్యాంపులో కోళ్ళ ఫారం ఉన్నాయన చెప్పాడట, కోడి కాలు వంగితే ఇది కలుపుతాం, చేపకు కలిపి చూడు అని. క్వింటా తవుడుకు కిలో చొప్పున కలిపారు. చేప తేరుకుంది. నాన్న ఎందుకో ఎవరికీ చెప్పలేదు, పుస్తకంలో "పిల్ల నాసి" అన్న పేజీకి తిరిగి వెళ్ళలేదు కూడా. తాతయ్య అప్పటికి మంచం పట్టారు.

ఇక్కడా అదే మెలిక. కోడికి ఆమ్లం ఊరే జీర్ణాశయం ఉంది, డీసీపీ దానికి బాగా పడుతుంది. గండుచేపకు డీసీపీలోని భాస్వరంలో అందేది 46 శాతమే. నీళ్ళలో సులువుగా కరిగే మోనోకాల్షియం ఫాస్ఫేట్ అయితే 94 శాతం. డీసీపీలో భాస్వరం 18 శాతం ఉంటుంది. క్వింటాకు కిలో కలిపితే కిలో మేతకు చేపకు అందేది ఒక గ్రాము కూడా కాదు. మిగతా లోటు పూడ్చింది మళ్ళీ మొదలుపెట్టిన మంచె మీది సూపర్ అని మా లెక్క. ఇప్పుడు తేలే గుళికల మేతలో మోనోకాల్షియం ఫాస్ఫేట్, ఫైటేజ్ కలిపి వస్తున్నాయి. సుజుకి 1907లో చూసిన ఆ తాళంచెవి అమ్మకపు సరుకుగా మారింది 1991లో, నెదర్లాండ్స్‌లో.

అందని భాస్వరం ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. కిలో చేప పెరగడానికి మా చెరువులో మూడు కిలోల తవుడు పట్టేది. మూడు కిలోల్లో 45 గ్రాముల భాస్వరం. కిలో చేప ఒంట్లో ఉండేది 4, 5 గ్రాములు. మిగతా 40 గ్రాములు నీళ్ళలో, బురదలో. అందులో కొంత నాచై తిరిగి చేపకు వస్తుంది, ఎక్కువైతే తెట్టవుతుంది, మిగిలింది అడుగున పేరుకుంటుంది. అంటే ఆ ఏడు మా చేప భాస్వరం చాలక వంగిపోయింది, అదే చెరువు భాస్వరం ఎక్కువై తెట్టు కట్టింది. రెండూ ఒకే నీళ్ళలో, ఒకే వేసవిలో. ఫాస్ఫేట్ రాయి మనదేశంలో చాలినంత లేదు, చాలావరకు ఓడల్లో బయటి దేశాల నుంచి రావలసిందే. అంత దూరం నుంచి వచ్చి, ఎరువై, వరిగింజలో దాక్కుని, తవుడై, సంచిలో ఊగి, చివరికి మా బురదలో చేరుతోంది.

ఆ బురదను తాతయ్య ఎన్నడూ వృథా చేయలేదు. వేసవిలో చెరువు ఎండగానే పై మట్టి తీయించి మెరక పొలానికి తోలించేవారు. పంపకాలయ్యాక ఆ పొలం బాబాయిది. మాటలు లేని ఏళ్ళలో కూడా నాన్న ఒక్క వేసవీ మానకుండా మట్టి తోలించారు. పుస్తకంలో ఏటా ఒక పద్దు ఉంది: "మట్టి, తమ్ముడి చేలోకి". ట్రాక్టరు కిరాయి నాన్నదే. అవతల నుంచి ఒక బస్తా సోనా మసూరి బియ్యం వచ్చేది, మాట రాకుండా.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయి ఇంటి అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచాం. సంచులు, డీఓబీ, సూపర్ ఆపిన తేదీ, మామ్మ అన్న మాట, జపాన్ వాళ్ళ అంకెలు, అన్నీ వరసగా చదివి చెప్పాం. "పిల్ల నాసి" అన్న చోటు కూడా చూపించాం. ఆ మాట కొట్టేయలేదు. అది తాతయ్య చేతిరాత, అలాగే ఉండాలి. పక్కన పెన్సిల్‌తో "మేతలో భాస్వరం అందలేదు" అని మాత్రం రాశాం, తెలుగులోనే.

బాబాయికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. పేజీ మీద వేలు పెట్టించుకుని కాసేపు అలాగే ఉన్నారు. "ఆ పిల్ల నేను దోసిట్లో పోసుకుని చూసి తెచ్చానురా, బాగానే ఉంది" అన్నారు. ఇంకాసేపటికి, "మీ నాన్నని అడగండి, ఈ ఏడు మట్టి ఎప్పుడు తోలిస్తాడో" అన్నారు.